రోజీ వెనక నక్క ఉందని పుస్తకం చెప్పదు

ఈ మూడు నెలల్లో నేను చదివినవి రెండే రకాలు. రాత్రి పదింటి తర్వాత ఫాంటసీ నవలలు, సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా పిల్లల బొమ్మల పుస్తకాలు. మొదటివి నా కోసం. రెండోవి మా అక్క కూతురి కోసం, దానికి ఐదేళ్లు, ఆ గంట అక్కకి ఆఫీసు మీటింగులు ఉంటాయి కాబట్టి పిల్ల నా దగ్గరే ఉంటుంది. ఈ రెండు రకాలకీ ఏ సంబంధమూ ఉండదనుకున్నాను. నెల తిరిగేసరికి బొమ్మల పుస్తకాల వల్ల నవలలు చదివే పద్ధతే మారిపోయింది. అందుకే రెండిటి గురించీ ఒకేచోట రాస్తున్నాను.

ముందు సగంలో వదిలేసిన దాని సంగతి. పేరు అక్కర్లేదు, ఏడొందల పేజీల పైన ఉన్న నవల, చాలామంది బాగుందన్నారని మొదలుపెట్టాను. ఆ లోకంలో మంత్రం ఎన్ని రకాలో, ఏ వంశానికి ఏ శక్తి ఎలా వచ్చిందో, ఏది ఎప్పుడు పనిచెయ్యదో ఒక పెద్దాయన కుర్రాణ్ణి కూర్చోబెట్టి చెప్తూనే ఉంటాడు. చెప్పడం అయిపోయాక కుర్రాడు ప్రశ్నలు అడుగుతాడు, మళ్లీ చెప్తాడు. పరీక్ష ముందు రోజు నోట్సు తిరగేస్తున్నట్టు అనిపించింది. రెండొందల పేజీలు ఓపిక పట్టాను, ఆ తర్వాత నావల్ల కాలేదు. రాసినాయన కష్టపడ్డాడు, ఆ లోకం ఆయనకి అంగుళం అంగుళం తెలుసు, అది కనిపిస్తోంది. కానీ నాకు చూడ్డానికి ఏమీ మిగల్చలేదు.

దాన్ని పక్కన పెట్టిన వారంలోనే లైబ్రరీ నుంచి తెచ్చిన బొమ్మల పుస్తకాల్లో 'రోజీస్ వాక్' దొరికింది. పాట్ హచిన్స్ రాసి, బొమ్మలు వేసిన పుస్తకం, 1968లో వచ్చింది. మొత్తం పుస్తకంలో ఉన్నది ఒకే ఒక్క వాక్యం, ఇంగ్లీషులో 32 మాటలు. రోజీ అనే కోడిపెట్ట షికారుకి వెళ్లి భోజనం వేళకి తిరిగొచ్చింది, అంతే కథ. బొమ్మలో మాత్రం మొదటి నుంచీ దాని వెనక ఒక నక్క ఉంటుంది. నక్క అనే మాట పుస్తకంలో ఎక్కడా లేదు. ఒక పేజీలో నక్క ఎగురుతుంది, పేజీ తిప్పితే దాని మూతికి గడ్డి లాగే పళ్లకర్ర వచ్చి తగులుతుంది. ఇంకో పేజీలో ఎగురుతుంది, తిప్పితే చెరువులో పడుతుంది. రోజీ వెనక్కి తిరిగి చూడదు.

నేను చదవడం మొదలుపెట్టి రెండో పేజీ తిప్పకముందే మా పిల్ల "పిన్నీ! వెనక నక్క! చెప్పు దానికి!" అని అరిచింది. నేను అక్షరాలు చూస్తున్నాను, అది బొమ్మ చూస్తోంది. నాకన్నా ముందు కథ దానికే తెలిసిపోయింది. చదవడం రాని పిల్లకి చదవడం వచ్చిన నాకన్నా ఎక్కువ తెలిసేలా పుస్తకం తయారుచేశారంటే ఆ తెలివికి దండం పెట్టాలి.

దీన్ని తెలుగులో చెప్పాల్సి వచ్చినప్పుడు ఇంకో సంగతి కనిపించింది. ఇంగ్లీషులో షికారుకి వెళ్లింది అన్న మాట మొదటి పేజీలోనే అయిపోతుంది, తర్వాత అన్నీ ఎక్కడెక్కడినుంచి వెళ్లిందో చెప్పే ముక్కలు. మన వాక్యం అలా కాదు కదా. "రోజీ షికారుకి బయల్దేరి, పెరడు దాటి, చెరువు చుట్టూ తిరిగి, గడ్డివాము ఎక్కి దిగి, మిల్లు పక్కనుంచి నడిచి, కంచె సందులోంచి దూరి, తేనెపెట్టెల కిందనుంచి వెళ్లి..." ఇలా ప్రతి పేజీకీ మాట గాల్లో వేలాడుతూ ఉంటుంది, చివరి పేజీలో "ఇంటికొచ్చేసింది" అన్నాక గానీ వాక్యం నేల మీదకి దిగదు. ఆ పుస్తకానికి తెలుగే ఎక్కువ నప్పిందని నిజంగా అనిపించింది. 'దూరి' అని నేను ఆగినప్పుడల్లా పిల్ల ఊపిరి బిగబట్టి పేజీ అంచు పట్టుకుని కూర్చునేది.

ఇక్కడినుంచి నా రాత్రి చదువు మారింది. పుస్తకం నాకు ఏం చెప్తోంది అని కాకుండా, ఏం చెప్పకుండా నా కళ్ల ముందు పెట్టింది అని వెతకడం అలవాటైంది.

చాలా ఏళ్ల కింద చదివి, బాగానే ఉంది అనుకుని మర్చిపోయిన ఉర్సులా లె గ్విన్ 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' మళ్లీ తీశాను. ఇది కూడా 1968లోదే. ఒక ప్రచురణకర్త కాస్త పెద్ద పిల్లల కోసం ఏదైనా రాయమని అడిగితే ఆవిడ రాసిన పుస్తకం. దీవుల మ్యాపు ముందు గీసుకుని తర్వాత కథ మొదలుపెట్టానని ఆవిడే చెప్పారు. కానీ ఆ దీవులన్నిటి చరిత్రా మనకి అప్పజెప్పరు. మేకలు కాసుకునే ఒక కుర్రాడు, గెడ్, వాడికి మంత్రశక్తి ఉంది, పొగరు కూడా ఉంది. ఆ పొగరుతో చెయ్యకూడని మంత్రం ఒకటి చేసి, ఒక నీడని లోకంలోకి వదులుతాడు. తర్వాత కథంతా ఆ నీడ వాణ్ణి తరమడం, ఆ పైన వాడు దాన్ని తరమడం. నవల రెండొందల పేజీలు దాటి ఎంతో లేదు.

ఈసారి నన్ను పట్టేసిన చోటు నీడ కాదు, వాన. గెడ్ మొదటి గురువు ఓగియన్ గొప్ప మంత్రగాడు, భూకంపాన్ని ఆపినవాడని పేరు. వాడు ఎంతో ఆశతో ఆయన వెంట బయల్దేరతాడు. రోజులు గడుస్తాయి, ఆయన మాట్లాడడు, మంత్రం నేర్పడు. వాన వస్తుంది. ఆ దేశంలో చిన్న చిన్న మంత్రగాళ్లకి కూడా మబ్బుని పక్క ఊరికి తోలెయ్యడం వచ్చు. ఓగియన్ ఆ పని చెయ్యడు. ఒక చెట్టు కింద చోటు చూసుకుని పడుకుంటాడు, వాన తన మానాన తను కురుస్తుంది. గెడ్ తడిసిన పొదల్లో ముడుచుకుని, ఇంత శక్తి ఉండి ఏం లాభం అని లోపల రగిలిపోతుంటాడు. మంత్రం అంటే ఏమిటో, దాన్ని ఎప్పుడు వాడకూడదో చెప్పడానికి ఇంకొకరైతే ఒక అధ్యాయం రాసేవారు. ఇక్కడ ఒక ముసలాయన చెట్టు కింద పడుకోవడంతో సరిపోయింది. మొదటిసారి చదివినప్పుడు నేనూ గెడ్ లాగే విసుక్కుని ఆ పేజీలు గబగబా దాటేశానని గుర్తుంది. ఆవిడ కావాలనే నన్ను వాడి పక్కన తడిపారు.

ఆ లోకంలో ప్రతి మనిషికీ రెండు పేర్లు. అందరూ పిలిచేది ఒకటి, అసలు పేరు ఇంకొకటి. అసలు పేరు తెలిస్తే మనిషి వాళ్ల చేతిలో ఉన్నట్టే, అందుకని ప్రాణం పెట్టే వాళ్లకి తప్ప చెప్పరు. గెడ్‌ని అందరూ స్పారోహాక్ అని డేగ పేరుతో పిలుస్తారు. వాడు అన్నిటికన్నా దిగజారిపోయి, ఎవరి ముఖం చూడ్డానికీ ధైర్యం లేకుండా ఉన్నప్పుడు స్నేహితుడు వచ్చి తన అసలు పేరు వాడికి చెప్పి వెళ్తాడు. ఓదార్పు మాటలేవీ ఉండవు. పేరు చెప్తాడు, అంతే. నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

రెండో భాగం 'ద టూంబ్స్ ఆఫ్ ఆటువాన్' కూడా వెంటనే చదివేశాను. మూడు రోజులు పట్టింది. ఐదేళ్ల పిల్లని ఇంట్లోంచి తెచ్చేసి, పేరు తీసేసి, చీకటి దేవతలకి పూజారిణిని చేస్తారు. గుడి కింద గుహ, చిక్కుదారులు ఉంటాయి, ఆ గుహలో దీపం వెలిగించడం నిషిద్ధం. ఆ పిల్ల పెద్దయ్యాక గోడలు తడుముకుంటూ, మలుపులు లెక్కపెట్టుకుంటూ తిరుగుతుంది. సగం నవల దాకా మనకి గెడ్ కనిపించడు, కనిపించినప్పుడు మొదట కనిపించేది అతను కాదు, ఆ చీకట్లో ఉండకూడని వెలుతురు. ఆ వెలుతురు దగ్గర నా గుండె కొట్టుకున్న తీరు చెప్తే నమ్మరు. మా పిల్లకి సరిగ్గా ఐదేళ్లే కావడం వల్ల మొదటి అధ్యాయం చదవడం కష్టమైంది, అది వేరే సంగతి.

మూడోది నాకు కొంచెం బరువుగా, నెమ్మదిగా అనిపించింది. 1990లో వచ్చిన నాలుగోది, 'తెహాను', మాత్రం ఫాంటసీ ఇష్టపడని వాళ్లకి కూడా చెప్తాను. మూడోదానికీ దీనికీ మధ్య 18 ఏళ్లు. అప్పటి పూజారిణి పిల్ల ఇప్పుడు మధ్య వయసు విధవరాలు, గిన్నెలు, బట్టలు, మేకలు, ఒంటిమీద కాలిన గాయాలున్న ఒక పసిపిల్ల ఆవిడ లోకం. ఇదేం ఫాంటసీ అని కొందరు అన్నారట. నాకు మాత్రం ఆ నాలుగిటిలో ఇదే నిజంగా భయపెట్టింది, ఇదే ధైర్యం కూడా ఇచ్చింది.

ఈ మధ్యలో సాయంత్రాలు ఆగలేదు. మారిస్ సెండాక్ 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' గురించి నేను కొత్తగా చెప్పేది తక్కువే, 1963 నుంచీ ప్రపంచమంతా చదువుతోంది, మరుసటి ఏడు కాల్డెకాట్ మెడల్ వచ్చింది, అమెరికాలో పిల్లల పుస్తకాల బొమ్మలకి ఇచ్చే బహుమతి. ఒక్క విషయం మాత్రం చెప్పాలి, ఇది ఫోన్‌లో చదవకండి. మేము మొదట ఒక యాప్‌లో డబ్బు కట్టి తీసుకున్న ఈ-బుక్‌లోనే చూశాం. అందులో రెండు పేజీల మీద పరుచుకున్న బొమ్మని మధ్యకి కోసి రెండు స్క్రీన్లు చేశారు. ఒక స్క్రీన్‌లో రాక్షసుడి సగం, ఇంకో దాంట్లో ఇంకో సగం. ప్రతి బొమ్మనీ స్క్రీన్‌కి సరిపోయేలా సాగదీశారు కూడా. చాలా కోపం వచ్చింది, ఎందుకంటే ఆ పుస్తకం ప్రాణమంతా బొమ్మ సైజులోనే ఉంది. అసలు పుస్తకంలో అల్లరి చేసి గదిలో పడ్డ మాక్స్ బొమ్మ మొదట చిన్నది, చుట్టూ తెల్లటి ఖాళీ. పేజీ పేజీకీ బొమ్మ పెరుగుతుంది. గదిలో చెట్లు మొలిచేసరికి అంచులు మాయమవుతాయి, ఆ తర్వాత బొమ్మ పక్క పేజీలోకి కూడా పాకుతుంది, చివరికి మాక్స్ రాక్షసులతో కలిసి గంతులు వేసే చోట మాటలకి చోటే ఉండదు. వరసగా మూడుసార్లు రెండేసి పేజీలు, నిండా బొమ్మే. తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ మాటలు, మళ్లీ తెల్ల ఖాళీ. ఆఖరి పేజీలో బొమ్మే ఉండదు, కొన్ని మాటలు మాత్రం ఉంటాయి. కథ కంచికి, మనం ఇంటికి అంటామే, అది అక్షరాలా చేసి చూపించిన పుస్తకం. దాన్ని సాగదీసి సమానం చేస్తే మిగిలేది ఏమిటి?

మొత్తం పుస్తకంలో 338 మాటలు, అంతే. బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలే ఉంటాయి, పెద్ద షీటు మీద అచ్చేసి మడత పెడితే ఎనిమిదేసి, పదహారేసి పేజీలు వస్తాయి కాబట్టి లెక్క అలా కుదిరింది. ఆ 32లోనే అంతా అయిపోవాలి. ఏడొందల పేజీలు దొరికినా సరిపోని వాళ్లని తల్చుకుంటే ఇది పెద్ద క్రమశిక్షణే.

'గుడ్‌నైట్ మూన్' నాకు మొదట ఎక్కలేదు. గదిలో ఉన్న ఒక్కో వస్తువుకీ గుడ్‌నైట్ చెప్పుకుంటూ పోవడం, అంతేనా అనుకున్నాను. మూడోసారి చదువుతుంటే పిల్ల నన్ను ఆపి, "ఎలుక ఇందాక ఇక్కడ లేదు" అంది. వెనక్కి తిప్పాను. రంగుల్లో గది కనిపించిన ప్రతి పేజీలోనూ ఒక చిన్న ఎలుక వేరే వేరే చోట ఉంది. గడియారాలు చూశాను, ఏడింటికి మొదలై ఎనిమిదీ పది దాకా నడుస్తాయి. కిటికీలో చందమామ పైకి వస్తున్నాడు, గది ఒక్కో పేజీకీ కాస్త చీకటి పడుతోంది. మార్గరెట్ వైజ్ బ్రౌన్ మాటలు, క్లెమెంట్ హర్డ్ బొమ్మలు, 1947 నాటి పుస్తకం. పిల్లకి నిద్ర రావడానికి మాటలు ఎంత కారణమో ఆ చీకటి పడటం కూడా అంతే కారణం, నేనే కనిపెట్టలేదు.

జాన్ క్లాసెన్ 'ఐ వాంట్ మై హ్యాట్ బ్యాక్' గురించి తల్లిదండ్రులకి ఒక్క మాట. ఎలుగుబంటి టోపీ పోతుంది, కనిపించిన ప్రతి జంతువునీ మర్యాదగా అడుగుతుంది, ఎర్ర టోపీ పెట్టుకున్న కుందేలు మాత్రం అడిగినదానికన్నా చాలా ఎక్కువ జవాబు చెప్తుంది. చివర్లో కుందేలు ఏమైందో పుస్తకం చెప్పదు. మా పిల్ల కాసేపు ఏమీ మాట్లాడలేదు, ఎలుగుబంటి కూర్చున్న చోటు వేలితో చూపించింది, నా మొహం చూసింది, తర్వాత పగలబడి నవ్వింది. సున్నితమైన పిల్లలున్న ఇంట్లో ముందు మీరు చదివి చూసుకోండి. నాకైతే చాలా నచ్చింది.

ఇక సుసానా క్లార్క్ 'పిరనేసి'. మొదటి నవల వచ్చిన 16 ఏళ్లకి, 2020లో వచ్చింది, మరుసటి ఏడు రచయిత్రుల నవలలకి ఇచ్చే విమెన్స్ ప్రైజ్ కూడా గెలిచింది. అంతులేని గదులు, గదుల నిండా విగ్రహాలు, కింది అంతస్తుల్లో సముద్రం, పైన మబ్బులు, ఆ ఇంట్లో ఒక మనిషి డైరీ రాసుకుంటూ ఉంటాడు. వారానికి రెండుసార్లు ఇంకో మనిషి వచ్చి మాట్లాడి వెళ్తాడు. వచ్చే మనిషి మంచి సూటు వేసుకుంటాడు, చేతిలో మెరిసే పలక లాంటిది ఒకటి ఉంటుంది, దాన్ని వేలితో నొక్కుతాడు. డైరీ రాసే అతనికి అదేమిటో తెలియదు, అడగాలని కూడా తోచదు. మనకి మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. నాకు ఠక్కున రోజీ గుర్తొచ్చింది. మాటలన్నీ కోడివి, నక్క ఎక్కడుందో మనకి మాత్రమే కనిపిస్తోంది. "వెనక చూడు" అని నాకూ అరవాలనిపించింది.

అతను అమాయకుడే గానీ తెలివితక్కువవాడు కాదు, ఆటుపోట్లు నిమిషాలతో సహా లెక్కకట్టగలడు. ఒకచోట పెద్ద సముద్రపు పక్షుల జంట, ఆల్బట్రాస్‌లు, అతని గదుల్లోకి వస్తాయి. వాటికి గూడు కట్టుకోవడానికి ఏమీ లేదు. చలికాలానికి మంట వేసుకుందామని ఎండబెట్టి దాచుకున్న నాచు అతను వాటికి ఇచ్చేస్తాడు. ఎన్ని రోజుల మంట పోతుందో లెక్కవేసుకుని మరీ ఇస్తాడు. ఆ ఏడాదికి ఆ పక్షి వచ్చిన ఏడాది అని పేరు పెట్టుకుంటాడు. ఇతను మంచివాడు అని ఎవరూ మనకి చెప్పరు. మొదటి యాభై పేజీలు అర్థం కాక వదిలేద్దామనుకునే వాళ్లు చాలామంది ఉంటారు, ఆగండి, అర్థం కాకపోవడమే అక్కడ చెయ్యాల్సిన పని.

ఫాంటసీ, బొమ్మల పుస్తకం రెండూ కావాలంటే షాన్ టాన్ 'ది అరైవల్' చూడండి. 2006 నాటిది. మాటలు అస్సలు లేవు. కుటుంబాన్ని వదిలి కొత్త దేశం వెళ్లిన మనిషి కథ, అన్నీ పాత ఫొటోల్లా ఉన్న పెన్సిల్ బొమ్మలు. ఆ దేశంలో బోర్డుల మీద ఉన్న లిపి ఎక్కడా లేనిది, టాన్ కల్పించినది, కాబట్టి అతనికి ఎంత తెలియదో మనకీ అంతే తెలియదు. ఏ భాషలో చదివేవాడైనా ఆ పుస్తకం ముందు నిరక్షరాస్యుడే. మా పిల్లకి కొన్ని పేజీలు భయం వేశాయి, ఇంకో రెండు మూడేళ్లు ఆగితే మేలు. నేను మాత్రం ఒక్కదాన్నే కూర్చుని రెండుసార్లు చూశాను.

ఎవరైనా కొత్తగా మొదలుపెట్టాలంటే పెద్దవాళ్లు ఎర్త్‌సీ మొదటిది, చిన్నవాళ్లతో అయితే రోజీ. దొరికితే అచ్చు పుస్తకమే తీసుకోండి.

మొన్న అమ్మ వచ్చింది. పిల్ల రోజీ పుస్తకం పట్టుకుని అమ్మమ్మ పక్కన చేరి తనే చదివి వినిపిస్తానంది. అక్షరాలు రావు, వాక్యం మొత్తం నోటికి వచ్చు. "రోజీ షికారుకి బయల్దేరి, పెరడు దాటి..." అని నాలాగే ప్రతి పేజీ దగ్గరా ఆగుతోంది. నేను పక్కనుంచి "అమ్మా, నక్కని చూశావా" అనబోయాను. పిల్ల గభాల్న నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి, చెవిలో చెప్పింది. "చెప్పకు పిన్నీ. అమ్మమ్మ తనే చూడాలి."